పంపకాల కుండ

నాకు ముక్కు మీద కోపం. ఇప్పుడంటే వయసు మీద పడి చేతులు వణుకుతున్నాయి గానీ, ఆ రోజుల్లో నోరు తెరవకముందే నా చెయ్యి లేచేది. యాభైల చివర్లో తమిళనాట మా రాజపాళయం మిల్లులకు కొత్త కరెంటు లైను వేస్తున్నప్పుడు నేను సర్వే జట్టులో పనిచేశాను. ఆ ఒక్క ఏడాదిలో ఎంతమందిని కొట్టానో చెప్పలేను. గొలుసు పట్టి కొలిచి, ఎర్రగుడ్డ కట్టిన కొయ్యమేకు పాతి వచ్చేవాళ్లం. మర్నాటికి ఆ మేకు ఉండేది కాదు, పొలం ఆసామి పీకి పొయ్యిలో పెట్టుకునేవాడు. చోళపురం దగ్గర ఒకాయన నా కళ్ల ముందే మేకు పీకి, దానితోనే నా భుజం మీద ఒకటి వేశాడు. ఆయన్ని పత్తిచేలో పడేసి మోకాళ్లతో తొక్కాను. నలుగురూ పట్టి లాగేదాకా వదల్లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మ పెట్టిన అన్నం సుబ్బరంగా తిన్నాను. అప్పుడు అది తప్పనిపించలేదు. ఉద్యోగమంటే అంతేనేమో అనుకున్నాను.

ఆ చోళపురం పక్కనే టవర్లకు గుంతలు తవ్వే కూలీల గడ్డపారలకు పెద్ద పెద్ద బానలు తగిలాయి. మనిషి కూర్చుంటే మునిగిపోయేంత బానలు. లోపల ఎముకలు, తుప్పుపట్టిన ఇనుము. మా వైపు వాటిని ముసలోళ్ల బానలంటారు. పూర్వం ఎంతకూ ప్రాణం పోని ముసలివాళ్లను, ఒళ్లు ముడుచుకుపోయి పసిపిల్లలంత అయ్యాక, ఇంత తిండి పెట్టి బానలో కూర్చోబెట్టి పూడ్చేవాళ్లని చెప్పుకుంటారు. కూలీలు హడలిపోయి రెండు బానల్ని పగలగొట్టి, ఎముకలు తీసుకెళ్లి వాగులో పారబోశారు. ఆ సంగతి పైదాకా పోయింది. మద్రాసు నుంచి ఒక మ్యూజియం ఆఫీసరు వచ్చాడు. ఇకమీదట ప్రతి టవరు గుంతనూ తవ్వకముందే ఆయన చూసి సరే అనాలి. పాత బాన ఏదైనా కనబడితే చుట్టూ సున్నం గీత గీసి, టవరును అక్కణ్ణుంచి జరపాలి. ఆయనతో తిరగడానికి నన్ను వేశారు. తెలుగూ తమిళమూ రెండూ వచ్చినవాణ్ణి, పైగా పొలాల ఆసాములందరూ నాకు తెలుసు.

ఆఫీసరు సన్నటి మనిషి. గొడుగొకటి, మొన తేలిన ఇనుపకమ్మీ ఒకటి. కమ్మీని నేలలో దించి, ఆగినచోట చెవి పెట్టి వినేవాడు. అనుమానం వస్తే మోకాలి లోతు గుంత తీయించేవాడు. అదీ పారతో కాదు, తాపీతో. నేను అలవాటు కొద్దీ మట్టిని ఒక పోటు పొడిస్తే, "కొట్టొద్దు తంబీ, గీకు" అనేవాడు తమిళంలో. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. మొదట్లో అందుకే ఆయనంటే ఒళ్లు మండేది. నెల తిరిగేసరికి ఆయన మెప్పు కోసం పాకులాడుతున్నాను. కుండపెంకు, బొగ్గు, బూడిద ఒకచోట కనబడితే చేయి ఆపాలి, లోపల చేయి పెట్టకూడదు, కబురు చేయాలి. నాకు నేర్పిన పాఠం అదీ.

అలా నడుచుకుంటూ లైను సేత్తూరు దారిలో మా పొలాల మీదికి వచ్చింది.

అది మా తాత పొలం. ఆయన బతికి ఉండగానే మా నాయనకూ చిన్నాయనకూ రెండుగా పంచిపెట్టాడు. మధ్యలో హద్దురాయి. టవరు మేకు మా నాయన వైపు పడింది, హద్దురాయికి ఆరడుగుల దూరంలో, ఏమీ పండని రాతిమూలలో. మాకు వీసమెత్తు నష్టం లేదు. కానీ ఆ చోట టవరు కుదరదంటే వెనక్కి జరపడానికి లేదు, వెనక వాగు. ముందుకే జరగాలి. ముందుకు జరిగితే నేరుగా చిన్నాయన కపిలబాట మీద పడుతుంది.

కపిలబాట అంటే బావి ఒడ్డు నుంచి ఏటవాలుగా దిగే దారి. ఎడ్లు ఆ దారిలో దిగుతూ లాగితేనే తోలుసంచి నీళ్లతో పైకి వస్తుంది. బాట పోతే బావి ఉండీ లేనట్టే. ఆ బావిని చిన్నాయన ఆరేళ్లు తవ్వాడు. సగం లోతు మట్టి, సగం లోతు బండ. మందు పెట్టి బండ పేల్చేటప్పుడు ఒక చెవి పోయింది. పిన్నమ్మ తట్టలు మోసి మోసి నడుం పట్టుకుపోయి మంచాన పడింది. వాళ్లకు పిల్లల్లేరు, ఆ బావే వాళ్లకు అన్నం పెట్టేది. నాకు ఈత నేర్పింది ఆ బావిలోనే, చిన్నాయనే. నడుముకు తాడు కట్టి నీళ్లలోకి తోసి, నేను కేకలు పెడుతుంటే ఒడ్డున కూర్చొని నవ్వేవాడు.

మా మేకు వంతు వచ్చిన రోజు మ్యూజియం ఆఫీసరుకు జ్వరం. బంగళాలో పడుకొని, "నువ్వే గీకి చూడు, ఏమైనా తగిలితే ముట్టుకోకు" అని పంపాడు. ఆ మాటకు నా ఛాతీ రెండింతలైంది. ఇద్దరు కూలీలను తీసుకొని వెళ్లాను. మిల్లు సైరను మోగి మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు కమ్మీ దేనికో తగిలి ఆగింది. తాపీతో గీకాను. కుండ అంచు బయటపడింది. అంచు నిండా నల్లటి బొగ్గు, బూడిద.

"బాన! ముసలోళ్ల బాన!" అని పొలాలు దద్దరిల్లేలా అరిచాను. ఒక కూలీని బంగళాకు, ఇంకొకణ్ణి మా ఇంటికి పరిగెత్తించాను. నేను కనిపెట్టాను, నా అంతట నేను కనిపెట్టాను అని ఒకటే పొంగిపోయాను. ఒంటరిగా ఉన్నాను కదా, ఆగలేకపోయాను. లోపల చేయి పెట్టాను.

బొగ్గు కింద ఊక. ఊక కింద చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. తీసి లుంగీకి తుడిచాను. కాలణా కాసు. ఒకవైపు తెల్లదొరల రాజు తల.

తల కొట్టేసినట్టయింది. మా వాళ్లలో అన్నదమ్ములు భూమి పంచుకుంటే హద్దురాయి కింద ఒక కుండ పాతుతారు. బొగ్గు నింపుతారు, బొగ్గుకు చెద పట్టదు, కుళ్లదు. ఊక వేస్తారు, ఒక కాసు వేస్తారు. రేపు ఎవడైనా రాయి జరిపితే కుండ తవ్వి తీస్తారు, కుండ ఎక్కడుంటే హద్దు అక్కడ. ఇది వేల ఏళ్ల నాటి బాన కాదు, మా తాత పాతిన కుండ. మరి హద్దురాయి ఆరడుగుల అవతల, చిన్నాయన వైపు నిలబడి ఉంది.

అది అర్థమయ్యేసరికి మా నాయన వచ్చాడు. ఆయన వెనకే మా తెల్ల వేటకుక్క. గుంతలోకి చూశాడు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషి ముఖంలో చుక్క చెమట లేదు, తెల్లగా పాలిపోయింది. అడగక్కర్లేకుండానే తెలిసింది, రాయి జరిపింది ఎవరో.

"ముసలోళ్ల బానే గదా అబ్బయ్యా?" అన్నాడు.

కాదని చెప్పొచ్చు. కుండ మనదే నాయనా, టవరు ఈ మూలలోనే ఉండనీ, హద్దు సంగతి మీ అన్నదమ్ములు చూసుకోండి అనొచ్చు. కానీ ఊరందరికీ వినబడేలా బాన అని అరిచినవాణ్ణి. ఆఫీసరుకు కబురు పంపినవాణ్ణి. తన తాత పాతిన కుండనే చూసి పాత బాన అన్నాడట అని జట్టంతా పడీ పడీ నవ్వుతుంది. ఇటు చూస్తే నాయన పరువు.

"అవును నాయనా" అన్నాను. కాసు అప్పటికే చొక్కా జేబులో ఉంది.

అరుపు విని చిన్నాయన కూడా వచ్చాడు, ఒక చెవి వినబడదు కాబట్టి తల పక్కకు వంచుకొని. గుంతలోకి చూసి పకపకా నవ్వాడు.

"ఏందప్పా ఈ కూత! ఇది మా నాయన పెట్టిన కుండ రా. నేను పక్కనే నిలబడి ఉంటిని. కాసు నా చేత్తోనే వేయించినాడు." ఆ మాట అంటూనే హద్దురాయి వైపు చూశాడు. మళ్లీ కుండ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "అన్నా," అన్నాడు మెల్లగా, "రాయి అక్కడికి ఎట్ల పోయినాది?"

"నోరు మూసుకో. ఇది గవర్మెంటు బాన. ముట్టినావంటే పోలీసు వస్తాడు."

"గవర్మెంటు బానలో కాసు ఉంటాదా? ఇరు, ఆగు, చూపిస్తాను." చిన్నాయన గుంతలోకి దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

మా నాయన పక్కనే ఉన్న గడ్డపార ఎత్తాడు. కుండ మీదికే ఎత్తాడు, అది మాత్రం నేను ఒట్టేసి చెబుతాను. చిన్నాయన కుండకు అడ్డంగా చేయి పెట్టాడు. గడ్డపార కుండ మీదా చేతి మీదా కలిపే దిగింది. కుండ పగిలిన చప్పుడు విన్నాను, వేళ్లు నలిగిన చప్పుడూ విన్నాను. రెండు వేళ్లు చివర్లు లేకుండా పోయాయి.

ఆయన అరవలేదు. దానికే నాకు భయం వేసింది. గుంతలోంచి ఒక్క ఊపున లేచి తలతో మా నాయన కడుపులో పొడిచాడు. ఇద్దరూ రాళ్ల మీద పడ్డారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. చిన్నాయన చేతి రక్తం నాయన కళ్లలో పడుతోంది. కుక్క ఎవర్ని కరవాలో తెలియక చుట్టూ తిరుగుతూ మొరుగుతోంది. నేను చిన్నాయన జుట్టు పట్టి వెనక్కి గుంజి, వీపు మీద మోకాలు పెట్టి నేలకు అదిమాను. చోళపురం ఆసామిని తొక్కినట్టే.

"వదులు రా అబ్బయ్యా, నేను దాన్ని వెతకాల" అన్నాడు. కొడతాననలేదు, చంపుతాననలేదు. వెతకాలన్నాడు.

వదిలాను. ఆయన పాకుతూ గుంత దగ్గరికి పోయి, నలిగిన వేళ్లతోనే బొగ్గు కెలికాడు. ఊక పిడికిళ్లతో తీసి గాలికి ఊదాడు. పెంకులు తిరగేశాడు. బొగ్గు ఎర్రబడిపోయింది. "ఇందులోనే ఉండాల. నా చేత్తోనే వేసినాను. ఎక్కడికి పోతాది?" అని గొణుక్కుంటూ వెతికాడు. నా జేబులో కాసు ఛాతీకి తగులుతూ ఉంది. నాయన కళ్లు తుడుచుకుంటూ నా వైపే చూస్తున్నాడు. ఆయనకూ తెలిసిపోయిందనుకుంటాను.

చిన్నాయనను బండిలో ఆస్పత్రికి తీసుకుపోయాక నేను ఇంకో వెధవ పని చేశాను. పోల్చి చూడటానికని మ్యూజియం ఆఫీసరు ఇచ్చిన చోళపురం బాన పెంకులు రెండు నా సంచిలో ఉండేవి, బొటనవేలంత మందం ఉన్నవి. వాటిని గుంతలో బొగ్గు మధ్య దోపాను. అంత తెలివి ఆ నిమిషంలో నాకు ఎక్కడిదో! చదువుకునేటప్పుడు అందులో పదో వంతు కూడా లేదు.

మర్నాడు ఆఫీసరు వచ్చి గొడుగు కింద కూర్చొని ఒక్కొక్క పెంకూ చూశాడు. పలచటి పెంకును గోటితో గీకి, "ఇది కొత్తదిలా ఉందే" అన్నాడు. మందం పెంకును చూసి తల ఊపాడు. "ఇంకేమైనా దొరికిందా? పూస గానీ, నాణెం గానీ?" అని అడిగాడు.

"లేదు సార్."

ఆయన నన్ను నమ్మాడు. నెలంతా నాకు పని నేర్పిన మనిషి, నమ్మక ఏం చేస్తాడు? సున్నం డబ్బా నాకే ఇచ్చాడు. గీత నేనే గీశాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ కాసును వాగులో విసిరేశాను.

పదిహేను రోజులకు కపిలబాట మీద గుంతలు కొట్టాలని ఆర్డరు వచ్చింది. జట్టుతో నేను వెళ్లేసరికి చిన్నాయన ఎడ్లను బాట పైన కట్టేసి, బాట మధ్యలో మేం వేసిన మేకు దగ్గర బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. కూలీలు దూరంగా ఆగిపోయారు. నేనొక్కణ్ణే దిగాను.

"లే చిన్నాయనా. ఇంజినీరు వస్తా ఉన్నాడు."

"రానీ. మ్యూజియం సార్ కూడా వస్తా ఉన్నాడంట, నా మాట వినేదానికి. నీ పిన్నమ్మ మనిషిని పంపి పిలిపించినాది." నన్ను పైకీ కిందికీ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు, కూలీలకు వినబడకుండా. "పదిహేను దినాలు యోచన చేసినాను అబ్బయ్యా. మీ నాయన వచ్చే ముందర ఆ గుంత దగ్గర నువ్వొక్కడివే ఉంటివి. కాసు నువ్వే తీసినావు, గదా?"

తిట్టి ఉంటే తిట్టేవాణ్ణి. ఆయన మెత్తగా అడిగాడు, చిన్నప్పుడు మామిడికాయ దొంగిలిస్తే అడిగినట్టు. నిలువునా కాలిపోయాను. పిడికిలి బిగించి నోటి మీద కొట్టాను. ఆ మాట మళ్లీ ఆ నోట్లోంచి రాకూడదని కొట్టాను. వెనక్కి పడ్డాడు. మళ్లీ లేవబోతే మళ్లీ కొట్టాను. ముందు పళ్లు రెండు ఊడి బాట మీద పడ్డాయి. నా పిడికిలి చర్మం చీరుకుపోయింది. పైనుంచి ఎడ్లు బెదిరి పలుపులు తెంచుకోబోయాయి. ఆపడానికి ఎవ్వరూ రాలేదు, నేనంటే అందరికీ అంత భయం.

జీపు వచ్చి ఆగింది. ఇంజినీరు, మ్యూజియం ఆఫీసరు, ఒక కానిస్టేబులు దిగారు. చిన్నాయన గడ్డం మీంచి రక్తం కారుతోంది. నా పిడికిలి మీదా రక్తమే. నేను చేయి వెనక్కి పెట్టుకున్నాను.

"ఎవరు కొట్టారు?" అన్నాడు ఇంజినీరు.

చిన్నాయన నా వైపు చూడలేదు. "కాలు జారి పడినాను సార్. బాట వాలుగా ఉంటాది గదా."

మ్యూజియం ఆఫీసరు ఆయన పక్కన గొంతుక్కూర్చొని తన చేతిగుడ్డ ఇచ్చాడు. తమిళంలో, ఎప్పటిలాగే మెల్లగా, వినబడే చెవి వైపు వంగి చెప్పాడు. "అయ్యా, నాకూ ఆ కుండ మీద అనుమానంగానే ఉంది. ఆ మందం పెంకులు ఆ పలచటి కుండవి కావు. అది మీ కుటుంబం పాతిన కుండ అని మీరొక్క మాట అనండి, పని ఇప్పుడే ఆపిస్తాను. టవరు ఆ మూలలోనే పడుతుంది, మీ బాట మీకు ఉంటుంది. పెంకులు ఎలా వచ్చాయో అది నేను విచారిస్తాను."

విచారిస్తాను అన్నప్పుడు ఆయన కళ్లు నా మీద ఉన్నాయి. ఉద్యోగం పోతుంది, అంతటితో ఆగుతుందా? దొంగ సాక్ష్యం పుట్టించినందుకు సంకెళ్లు వేస్తారు. కానిస్టేబులు మూడు అడుగుల దూరంలో ఉన్నాడు.

చిన్నాయన నోట్లోని రక్తం ఉమ్మి, బావి వైపు చూశాడు. ఆ తర్వాత నా వైపు ఒక్కసారి చూశాడు.

"అది ముసలోళ్ల బానే సార్. నేనే తప్పుగా అనుకొంటిని."

"కాసు వేశానన్నారట?"

"చిన్నప్పటి సంగతి సార్. వేరే ఏదో ఉంటాది." చేతిగుడ్డ మడిచి ఆయనకే తిరిగి ఇచ్చి లేచాడు. బాట ఎక్కి, ఎడ్ల పలుపులు విప్పాడు. నన్ను దాటి పోతున్నప్పుడు ఆగి, కూలీలకు చెబుతున్నట్టుగా అన్నాడు. "సరి, తవ్వుకోండప్పా. బండ ఉంటాది, చూసి మందు వేట్లు పెట్టండి. చెవులు పోతాయి."

మధ్యాహ్నానికి మందు పేలి కపిలబాట రాళ్లు బావిలో పడ్డాయి. ఎంతమందినో కొట్టాను, ఎంతమంది చేతనో దెబ్బలు తిన్నాను, అన్నీ మానిపోయాయి. ఆ రోజు ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.